పొద్దున ఐదారు సార్లు నొక్కితే గానీ లేవని కంప్యూటర్: మదర్‌బోర్డు పోయినట్టేనా?

పెదవాల్తేరు డీటీపీ:

అందరికీ నమస్కారం. విశాఖలో పెదవాల్తేరు నుంచి లాసన్స్ బే కాలనీ వైపు దిగే సందులో నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, అర్జీలు టైపు చేసి ఇస్తాను. 2009లో ద్వారకానగర్‌లో కొన్న కంప్యూటర్‌తోనే ఇప్పటికీ బతుకు నడుస్తోంది. కోర్ 2 డ్యూయో, రెండు జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ.

రెండు నెలలుగా ఇది పొద్దున లేవనంటోంది. బటన్ నొక్కగానే ఫ్యాను తిరుగుతుంది, ముందున్న లైటు వెలుగుతుంది, రెండు మూడు సెకన్లకు టక్కున ఆగిపోతుంది. మళ్లీ దానంతటదే తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. మానిటర్ మీద ఒక్క అక్షరం రాదు, బీప్ కూడా ఉండదు. ఐదోసారో ఆరోసారో ఒక్క బీప్ కొట్టి లేస్తుంది. ఒకసారి లేచిందా, రాత్రి దుకాణం కట్టేసేదాకా ఏ పేచీ ఉండదు. మధ్యాహ్నం భోజనానికి ఆపి వెళ్లి వచ్చినా మొదటి నొక్కుకే లేస్తుంది. తేదీ మాత్రం రోజూ 2009 జనవరి 1 అని చూపిస్తుంది. నేనే సరిచేసుకుంటాను. ముసురు పట్టిందంటే మరీ మొండికేస్తుంది. మొన్న వాయుగుండం వానల్లో పదకొండు సార్లు నొక్కాల్సి వచ్చింది.

ఒక రిపేరు దుకాణానికి ఆటోలో వేసుకుని తీసుకెళ్లాను. మూత కూడా విప్పకుండా మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు, పోయిందన్నారు. ఆ కాలం బోర్డు ఇప్పుడు దొరకదు, కొత్త కంప్యూటర్ 24 వేలు అవుతుంది, పాతదానికి 800 ఇస్తామన్నారు. నేను కొత్తది కొని ఏం చేసుకోను? నా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు తాళం ఒకటి ఉంది, వెనకాల పాత ప్రింటర్ పోర్టులో గుచ్చాలి. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే ఉండటం లేదు. కార్డులు, కరపత్రాలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్లుగా చేసిన ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. తాతగారి దినకర్మ కార్డు చేయించుకున్న ఇంటివాళ్లే మనవరాలి శుభలేఖకు వస్తారు, ఇంటిపేరు ఒత్తులతో సహా పాత ఫైలులో సరిగ్గా ఉంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా షట్టరును రేకులా వంచి పడేసింది. ముందురోజే దీన్ని దుప్పట్లో చుట్టి ఇంటి అటక మీద పెట్టాను కాబట్టి దక్కింది. అంత గాలివానకు పోనిది ఇప్పుడు ఊరికే పోయిందంటే మనసు ఒప్పుకోవడం లేదు. కార్తీకం పెళ్లిళ్లకు తొమ్మిది శుభలేఖల పని చేతిలో ఉంది. మదర్‌బోర్డు నిజంగా పోయిందా లేదా తెలుసుకునే దారి ఏమైనా ఉంటే చెప్పండి.

మధురవాడ:

విండోస్ పాడై ఉంటుంది మేడమ్. ఒకసారి ఫార్మాట్ చేయించి మళ్లీ వేయించండి, సరిపోతుంది.

ఉక్కునగరం పెద్దాయన:

అమ్మా, ఫార్మాట్ మాత్రం చేయించకండి. పై మిత్రుడు మంచికే చెప్పారు కానీ ఈ జబ్బుకు అది మందు కాదు. మానిటర్ మీద అక్షరం రాకముందే యంత్రం ఆగిపోతోందని మీరే రాశారు. అంటే హార్డ్ డిస్క్‌ను చదివే దాకా అది రావడమే లేదు. విండోస్ ఇంకా నిద్ర లేవలేదు, దాని తప్పు ఎలా అవుతుంది? ఫార్మాట్ చేస్తే ఇన్నేళ్ల ఫైళ్లు పోతాయి, జబ్బు అలాగే ఉంటుంది.

నేను ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి రిటైరయ్యాను. సముద్రపు గాలి ఎలక్ట్రానిక్ కార్డులను ఏం చేస్తుందో ముప్పై ఏళ్లు చూశాను. గాలిలో వచ్చే ఉప్పు కంటికి కనబడదు. బోర్డు మీద దుమ్ముతో కలిసి కూర్చుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు నీటిని పీల్చుకుని తడి పొరగా మారుతుంది. మన తీరంలో ముసురు రోజుల్లో తేమ ఆ గీత దాటే ఉంటుంది. ర్యామ్‌కు, దాని స్లాటుకు మధ్య ఆ తడి చేరితే లోహం పాచిపడుతుంది, కరెంటు సరిగా పారదు. మీది వానలో ఎక్కువ మొండికేయడానికి ఇది ఒక కారణం కావచ్చు.

రెండో కారణం మీద నాకు అనుమానం ఇంకా ఎక్కువ. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లేవదు, మధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు లేస్తుంది అన్నారు చూశారా, అది ముసలిదైన ఎస్ఎంపీఎస్ లక్షణం. ఎస్ఎంపీఎస్ అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన తక్కువ వోల్టులకు మార్చే డబ్బా. అందులో కరెంటును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లు ఉంటాయి, వాటిలో ఒక ద్రవం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది. మిగిలిన కాస్తా చల్లబడితే సరిగా పనిచేయదు. బటన్ నొక్కగానే 12, 5, 3.3 వోల్టులు మూడూ నిలకడగా వచ్చాక ఎస్ఎంపీఎస్ బూడిదరంగు వైరు మీద బోర్డుకు ఒక సంకేతం పంపాలి. నేను సిద్ధం, ఇక నువ్వు మొదలుపెట్టు అని దాని అర్థం. ఆ సంకేతం వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను కదలనివ్వదు, వచ్చాక వోల్టేజీ కుంగినా మళ్లీ మొదటికి తెస్తుంది. మీరు నొక్కిన ప్రతిసారీ కెపాసిటర్లు కాస్త వేడెక్కుతున్నాయి. ఆరోసారికి నిలదొక్కుకుంటున్నాయి.

తేదీ వెనక్కి పోవడం వేరే సంగతి. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. కొత్తది 3 వోల్టులు చూపాలి. అది మార్చండి, ఖరీదు యాభై రూపాయల లోపే.

ఒకేసారి రెండు మార్చకండి, ఏది నయం చేసిందో తెలియకుండా పోతుంది. ముందు ప్లగ్గు పీకి, బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టి లోపల మిగిలిన కరెంటు పోనివ్వండి. వైర్లు పీకే ముందు ఫోనులో ఫొటోలు తీసుకోండి. మొదట హార్డ్ డిస్క్ వైర్లు తీసి చూడండి. అయినా ఆగుతుంటే డిస్క్ తప్పు లేదని తేలినట్టే, పైగా పరీక్షలు చేసేంతసేపూ మీ ఫైళ్లు క్షేమంగా ఉంటాయి. తర్వాత ర్యామ్ తీసి, బంగారు పూత ఉన్న అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. రబ్బరు పొట్టు స్లాటులో పడకూడదు. బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూడండి. చివరగా ఎవరిదైనా మంచి ఎస్ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూడాలి. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. లోపల పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొట్టగలదు.

ఒక ప్రశ్న. కేబినెట్ రేకు తాకితే చేతికి ఝుమ్మంటుందా?

పెదవాల్తేరు డీటీపీ:

మాస్టారూ, మీరెలా కనిపెట్టారు? ఝుమ్మంటుంది. చెప్పులు లేకుండా తాకితే మరీనూ. నేను అలవాటు పడిపోయాను.

నిన్న రాత్రి దుకాణం కట్టేశాక మూత విప్పాను. ఇన్నేళ్లలో లోపల చూడటం ఇదే మొదటిసారి. దుమ్ము పొడిగా లేదు మాస్టారూ. వేలితో తీస్తే తడి పిండిలా ముద్దగా వచ్చింది. ర్యామ్ అంచున ఉన్న బంగారు గీతల్లో మూడింటి మీద నాచు రంగు చుక్కలు, ఇత్తడి చెంబు తోమకుండా వదిలేస్తే పడతాయే, అలాంటివి. రబ్బరుతో రుద్దితే తెల్లటి రబ్బరు పచ్చగా మారింది. గీతలు మళ్లీ మెరిసేదాకా రుద్ది, మెత్తటి బట్టతో తుడిచి, రెండు వైపులా టక్ మనేదాకా నొక్కి పెట్టాను. బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్ ఒక్కటీ లేదు. అన్నిటి నెత్తీ చదునుగానే ఉంది.

పక్క ఎలక్ట్రికల్ దుకాణం అబ్బాయి మీటరు పెట్టి చూస్తే పాత బ్యాటరీ 2.3 వోల్టులే చూపించింది. కొత్తది వేశాను.

ఈ రోజు పొద్దున నాలుగోసారికి లేచింది. తేదీ సరిగ్గానే ఉంది, దానికే ఎంత ఆనందం వేసిందో. కానీ ఆగడం మాత్రం పోలేదు. హార్డ్ డిస్క్ వైర్లు తీసి చూసినా అంతే. ఇక మిగిలింది ఎస్ఎంపీఎస్. తెలిసినవాళ్లందరికీ ల్యాప్‌టాప్‌లే, ఎవరిని అడగాలో తోచడం లేదు.

ఎంవీపీ కాలనీ విద్యార్థి:

అక్కా, నా దగ్గర 450 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉంది, మంచి కండిషన్‌లో ఉంది. నా కంప్యూటర్‌కు పెద్దది వేసుకున్నాక పక్కన పెట్టాను. రేపు ఉదయం ఏడింటికి రైతు బజారుకు వస్తాను, గేటు దగ్గర ఇస్తాను. బోర్డుకు పెద్ద 24 పిన్నుల వైరు ఒకటి, ప్రాసెసర్ పక్కన చిన్న నాలుగు పిన్నులది ఒకటి ఉంటాయి. చిన్నది చాలామంది మరచిపోతారు. అది పెట్టకపోతే ఫ్యాను తిరుగుతుంది కానీ బొమ్మ రాదు.

పెదవాల్తేరు డీటీపీ:

లేచింది! మొదటి నొక్కుకే!

తమ్ముడూ, ముందు నీకు చెప్పాలి. అరకేజీ బెండకాయలు చేతిలో పెట్టి పంపించేశాను, అది సరిపోదు. మీ ఇంట్లో ఏ శుభకార్యమైనా కార్డులు నా వంతు.

మాస్టారూ, మొదట పాతదే ఉంచి నొక్కాను, రెండుసార్లు ఆగింది. ప్లగ్గు పీకి, మీరు చెప్పినట్టు పది సెకన్లు బటన్ నొక్కి, తమ్ముడు ఇచ్చినది పక్కన స్టూలు మీద పెట్టి రెండు వైర్లూ తగిలించాను. నొక్కాను. ఒక్క బీప్, వెంటనే తెర మీద అక్షరాలు. మళ్లీ నమ్మకం కుదరక ఆపి, రాత్రంతా వదిలేసి, ఈ రోజు పొద్దున వేశాను. బయట చినుకులు పడుతున్నాయి. అయినా మొదటి నొక్కుకే లేచింది. మదర్‌బోర్డు బంగారంలా ఉంది. 800 రూపాయలకు ఇచ్చేయబోయాను దీన్ని!

డాబాగార్డెన్స్‌లో కొత్త ఎస్ఎంపీఎస్ 1,450కి తీసుకున్నాను. తమ్ముడిది తమ్ముడికి ఇచ్చేశాను.

ఉక్కునగరం పెద్దాయన:

చాలా సంతోషం అమ్మా. ప్రతి అడుగూ విడివిడిగా చూశారు కాబట్టి దోషం ఎక్కడుందో అంత స్పష్టంగా తేలింది.

పని ఇంకా రెండు మిగిలాయి. మొదటిది ఆ ఝుమ్మనడం. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టరు నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ రేకులోకి జారుతుంది, అది ఎర్త్ వైరు గుండా నేలలోకి పోవాలి. మీ దుకాణంలో ఎర్త్ లేదు, లేదా తెగిపోయింది, అందుకే మీ చేతిలోంచి పోతోంది. దీనికి అలవాటు పడకూడదమ్మా. ఏదైనా వైరు లోపల తెగి రేకుకు తగిలితే ఆ రోజు ఝుమ్మనడంతో పోదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలవమనండి. రెండు మూడు వోల్టులు మించకూడదు. అయితే ఆ ఒక్క అంకెను నమ్మవద్దు, ఎర్త్ వైరు నిజంగా నేలలోని గొయ్యి దాకా వెళ్తోందో లేదో కూడా చూడమనండి.

రెండోది డిస్క్. 2009 నాటి డిస్క్ ఇన్నాళ్లు తిరగడమే మీ అదృష్టం. మరో డిస్క్‌కు మొత్తం క్లోన్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీయించండి, విండోస్‌తో, టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో సహా. ఫైళ్లను విడిగా పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి, ఆ పెన్‌డ్రైవ్ దుకాణంలో కాదు, ఇంట్లో ఉంచండి. రాత్రి మెయిన్ స్విచ్ కట్టేసే అలవాటు ఉందా? ఆ సమయమంతా గడియారం చిన్న బ్యాటరీ మీదే నడుస్తుంది, అందుకే మీది నీరసించింది. కట్టేయడం మంచిదే, మానకండి. బ్యాటరీనే రెండు మూడేళ్లకొకసారి మార్చుకోండి.

పెదవాల్తేరు డీటీపీ:

మెయిన్ కట్టే వెళ్తాను మాస్టారూ. ఎలక్ట్రీషియన్ గురువారం వస్తానన్నాడు, ఎర్త్ సంగతి మీరు రాసినదే అతనికి చదివి వినిపిస్తాను. క్లోన్ చేయడానికి తమ్ముడు ఆదివారం వస్తున్నాడు, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. తొమ్మిది శుభలేఖల్లో ఆరు ప్రెస్సుకు వెళ్లాయి. ఏడోది తెర మీద ఉంది, వరుడి తాతగారి పేరు పాత ఫైలులోంచి తీసుకున్నాను.