జర్మనీలో చదువుకునే శాకాహారి అక్కడి తిండి తినాలా, గదిలో వండుకోవడమే మేలా?

కొత్తగా వెళ్తున్నవాడు:
అక్టోబరులో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కి ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర సీటు వచ్చింది. మాంసం, చేప, గుడ్డు ఏవీ తినను. ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాయి. నాన్నేమో "కుక్కర్, కందిపప్పు, చింతపండు పట్టుకెళ్లు, బయట తిండి ముట్టుకోకు" అంటారు. అక్కేమో "అంత దూరం వెళ్లి కూడా పప్పన్నమేనా, అక్కడివాళ్లు ఏం తింటారో చూడవా?" అంటుంది. గుడ్డు కూడా తినని మనిషికి అక్కడి వంటలు తినడం అయ్యే పనేనా? అసలు అంత అవసరమా?

కందిపొడి:
మీ నాన్నగారి మాట వినండి. ముందు డబ్బు లెక్క చూద్దాం. 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అంటే నెలకి 992. అద్దె, ఇన్సూరెన్స్, ఫోన్ అన్నీ అందులోనే. పప్పు, అన్నం, ఒక కూర వండుకుంటే వారం ఎలా గడిచిందో తెలియదు.

ఇక నమ్మకం సంగతి. పప్పే కదా అని లెంటిల్ సూప్ ఆర్డర్ చేస్తాం, అందులో ష్పెక్ ఉంటుంది, అంటే పొగబెట్టిన పంది మాంసం సన్నగా తరిగిన ముక్కలు. వేయించిన బంగాళాదుంపల్లోనూ చాలాచోట్ల అదే. ఎర్ర క్యాబేజీ కూరని బాతు కొవ్వుతో వండే ఇళ్లున్నాయి. సావర్‌క్రౌట్ అనే పులియబెట్టిన క్యాబేజీలోనూ కొందరు పంది కొవ్వు వేస్తారు. మాంసం వద్దని చెప్పినా ష్పెక్‌ని మాంసం కింద లెక్కేయనివాళ్లు ఉన్నారు. రోజూ ఇంత టెన్షన్ పడుతూ తినాలా? చదువుకోవడానికి వెళ్తున్నారు, అది చూసుకోండి.

చుక్కకూర:
కందిపొడి గారు చెప్పినవన్నీ నిజమే. కానీ దాని నుంచి "బయట తినకు" అనే మాట రాదు, "ఎక్కడ ఏం చూడాలో తెలుసుకుని తిను" అనే మాట వస్తుంది. తమ్ముడూ, నేను ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే చదివాను, నేనూ గుడ్డు తినను. అక్కడి తిండి తినాలనే నా వాదన.

మొదట మెన్సా గురించి. మెన్సా అంటే యూనివర్సిటీ క్యాంటీన్, విద్యార్థులకు ధర తక్కువ. పన్నెండు గంటలకల్లా క్లాసంతా అక్కడికే వెళ్తుంది. ప్రాజెక్టు గ్రూపులు కుదిరేది, ఏ ప్రొఫెసర్ దగ్గర థీసిస్ ఖాళీ ఉందో తెలిసేది, జర్మన్ నోటికి వచ్చేది ఆ బల్ల దగ్గరే. ఆ టైంలో గదికెళ్లి కుక్కర్ పెట్టుకునేవాళ్లు రెండేళ్ల తర్వాత కూడా తెలుగువాళ్లతోనే తిరుగుతూ ఉంటారు. చదువు చూసుకోవడం అంటే ఇది కూడా అందులో భాగమే.

శాకాహారం దొరకదనే భయం కూడా పాతబడింది. బెర్లిన్ యూనివర్సిటీ క్యాంటీన్లు 2021 అక్టోబరులో మెనూ మార్చి 68 శాతం వీగన్ (పాలు, గుడ్డు కూడా లేనిది), 28 శాతం వెజిటేరియన్ చేశాయి. మాంసం, చేప చెరో రెండు శాతం. అన్ని ఊళ్లూ అంత దూరం వెళ్లలేదు గానీ గాలి అటే వీస్తోంది.

గుడ్డు తినని మనకి అసలు కిటుకు ఒకటుంది. మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉంటే గుడ్డు లేనట్టే. అక్కడ వెజిటేరియన్ గుర్తుకి ఆ హామీ లేదు, గుడ్డు ఉండొచ్చు. అందుకని మెన్సాలో వీగన్ గుర్తు చూసి తీసుకోండి. గుడ్డు, జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది), పంది కొవ్వు అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. పెరుగన్నం కావాలంటే సాయంత్రం గదిలో ఎలాగూ తింటారు. ప్యాకెట్ మీదైతే గుడ్డు, పాలు, చేప లాంటి 14 అలర్జీ పదార్థాలు ప్రత్యేకంగా కనిపించేలా అచ్చువేయాలని యూరప్ చట్టం. గుడ్డు ఉంటే కళ్లకి కొట్టినట్టు కనబడుతుంది. విడిగా అమ్మే బేకరీల్లో కూడా ఆ వివరాలు ఉంచాలి, అడిగితే ఫైల్ తీసి చూపిస్తారు. కానీ పంది కొవ్వు, జెలటిన్ ఆ 14లో లేవు. వాటిని మీరే నోరు తెరిచి అడగాలి. దక్షిణ జర్మనీలో కొన్ని బేకరీలు ప్రెట్జెల్ అనే ముడి ఆకారపు రొట్టె పిండిలో పంది కొవ్వు కలుపుతాయి, గమ్మీ మిఠాయిల్లో జెలటిన్ ఎక్కువ. ఈ రెండూ గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ అక్క మాట. మీరు వెళ్లే చోటికి దగ్గర్లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే గ్రూనె జోసె అని ఒక పచ్చి ఆకుల సాస్ ఉంది. ఏడు రకాల ఆకులు కలిసిన కట్టని తెల్ల కాగితంలో చుట్టి మార్కెట్లో అమ్ముతారు. పార్స్‌లీ, చైవ్స్ లాంటివి కొన్ని, వాటితో పాటు సారెల్ అనే పుల్లని ఆకు. అది మన చుక్కకూరకి దగ్గరి చుట్టం, నా పేరు అక్కడి నుంచే. కట్టనంతా సన్నగా తరిగి, పుల్లటి క్రీమ్, పెరుగు, ఉప్పు, కాస్త ఆవ ముద్ద వేసి కలుపుతారు. పొయ్యి మీద పెట్టే పనే లేదు, మన పెరుగు పచ్చడి లాగే. వేడి వేడి ఉడికించిన దుంపల మీద చల్లగా వేసుకుంటే ఆ పులుపు నాలుక చివర తగులుతుంది. హోటల్లో ఉడికించిన గుడ్డు ముక్కలతో ఇస్తారు, కొందరు సాస్‌లోనే తరిగి కలుపుతారు, కాబట్టి ముందే అడగాలి. నేనైతే కట్ట కొనుక్కొచ్చి గదిలోనే చేసుకునేవాణ్ని. ఫ్లోర్‌లో జర్మన్ అమ్మాయి ఒకరు వాళ్ల అమ్మమ్మ తరిగే పద్ధతి నేర్పించారు. ఆ ఆకులు పండించే ఓబర్‌రాడ్ అనే పేట ఊళ్లోనే ఉంది. పొలాల పక్కనుంచి నడిచి రండి.

నీస్తు పడనివాడు:
గుడ్డు మొదలుపెడితే సగం గొడవ పోతుంది కదా. నేను మొదలుపెట్టాను. చీజ్ వేసిన ష్పెట్స్‌లె (గుడ్డు కలిపిన పిండితో చేసే నూడుల్స్), కేకులు, ఆపిల్ ముద్దతో ఇచ్చే దుంపల అట్లు, అన్నీ హాయిగా తింటున్నా. విదేశంలో కాస్త అడ్జస్ట్ అవ్వాలండీ.

ఒంగోలు అమ్మాయి:
మీకు తినాలనిపించి తిన్నారు, అది మీ ఇష్టం. కానీ ఆయన అడిగింది అది కాదు. నన్ను గుడ్డు తినమని, చికెన్ రుచి చూడమని జర్మన్ క్లాస్‌మేట్లు ఎప్పుడూ బలవంతపెట్టలేదు. "ఏం కాదులే, ఎవరు చూస్తారు" అన్నది మన సీనియర్లే. కొత్తగా వచ్చిన పిల్లలు ఒంటరిగా, బెరుకుగా ఉంటారు. ఆ సమయంలో అడ్జస్ట్ అవ్వమంటే సలహాలా ఉండదు, ఒత్తిడి అవుతుంది. అక్కడి తిండి రుచి చూడటానికి మన నియమం వదులుకోవాల్సిన పని లేదు. చుక్కకూర గారు రాసింది అదే కదా.

కందిపొడి:
ఒత్తిడి మాట ఒప్పుకుంటాను. కానీ చుక్కకూర గారూ, చీజ్ సంగతి దాటేశారు. దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో పాలు విరగగొడతారు. పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్‌కి అయితే నియమం ప్రకారం అదే వాడాలి. గుడ్డు వద్దనేవాడు ఇది తినొచ్చా?

చుక్కకూర:
మంచి ప్రశ్న. పార్మిజానో, అలాంటిదే ఇంకో ఇటలీ చీజ్ గ్రానా పడానో నేను తినను. మిగతా చీజ్‌లతో చిక్కేమిటంటే, చీజ్ తయారీకి తప్పనిసరైన ఎంజైములను లేబుల్ మీద రాయనక్కర్లేదు. అందుకే పసుపు గుండ్రంలో ఆకుతో ఉండే వి గుర్తు చూసుకుంటాను, లేదంటే "మిక్రోబియెలెస్ లాబ్" అని రాసింది కొంటాను. అది సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్. ఇంత పట్టింపు అందరికీ ఉండకపోవచ్చు. మీ గీత ఎక్కడో విమానం ఎక్కేముందే తేల్చుకోండి. కౌంటర్ ముందు వెనకాల పదిమంది నిలబడి ఉంటే ఆలోచన తెగదు.

క్యోటో నుంచి:
జర్మనీలో ఇదంతా సాధ్యమే. జపాన్‌లో ఇంకా కష్టం. మీసో సూప్, నూడుల్స్, ఉడికించిన కూరగాయలు, చాలావాటిలో ఎండు చేప తురుముతో కాచిన దాషి అనే రసం ఉంటుంది, దాన్ని చాలామంది చేప అనుకోరు. అయినా బౌద్ధ ఆశ్రమాల షోజిన్ భోజనం ఇక్కడిదే, మాంసం, చేప లేకుండా వండేది. వెతికితే ఏ దేశానికైనా తనదైన శాకాహారం ఉంటుందని నా నమ్మకం.

కొత్తగా వెళ్తున్నవాడు:
అందరికీ థాంక్స్. మధ్యాహ్నం మెన్సా, రాత్రి పప్పు అనుకుంటున్నా. అమ్మ నెయ్యి డబ్బా కడుతోంది, తేవచ్చా?

కందిపొడి:
వద్దు. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు సామానులో తేనివ్వరు, పాలకోవా కూడా అంతే. అక్కడ షాపుల్లో బుట్టర్‌ష్మాల్ట్స్ అని దొరుకుతుంది, కాచిన వెన్న, నెయ్యికి సరిపోతుంది. పక్కనే ష్వైనెష్మాల్ట్స్ ఉంటుంది, అది పంది కొవ్వు. డబ్బా మీద పేరు పూర్తిగా చదివి తీసుకోండి.