సమస్యాపూరణం: కాల్చినపుడు పుస్తకమ్ము నిలిచె

నిర్వాహకుడు (విజయనగరం): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

కాల్చినపుడు పుస్తకమ్ము నిలిచె

యతి కా–క. మనుషులు తమకు తెలిసినదాన్ని దాచుకున్న తీరు గురించి రాయాలి. కాలింది ఏమిటో పద్యంలోనే తెలియాలి, కింద వివరణ ఇచ్చి గట్టెక్కితే ఒప్పుకోను.

బొబ్బిలి మాస్టారు:

మట్టిపలకపైన మాటలు చెక్కిరి
నీనెవె నగరమున రాజు యింట
పగతు రగ్గిపెట్ట పలకలే యిటుకలై
కాల్చినపుడు పుస్తకమ్ము నిలిచె

నిర్వాహకుడు: ఊహ అదిరింది మాస్టారూ. రెండో పాదంలో మాత్రం నీ–రా యతి చెల్లదు. పైగా రాజు+ఇంట అన్నచోట ఉత్వసంధి నిత్యం, యడాగమం రాదు. "నృపుని యింట" అనండి, రెండూ తీరిపోతాయి.

విషయం నిజమే. క్రీ.పూ. 612లో అస్సీరియా రాజధాని నీనెవె శత్రువుల చేతిలో పడినప్పుడు, అక్కడి ఒకప్పటి రాజు అషూర్‌బనిపాల్ గ్రంథాలయం తగలబడింది. ఎండబెట్టిన మట్టిపలకలు చాలావరకు ఆ మంటలో కాలి గట్టిపడ్డాయి. ముక్కలతో కలిపి 30,000కు పైగా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అదే గ్రంథాలయంలో మైనం పూసిన చెక్కపలకలూ ఉండేవి, అవి బూడిదైపోయాయి. ఆ సంగతి కూడా ఇరికించి ఉంటే పద్యం ఇంకో మెట్టు ఎక్కేది.

శ్రీకాకుళం సభ్యుడు: మన శ్రీముఖలింగం శాసనాల మీద రాయొచ్చా సార్?

నిర్వాహకుడు: రాతిని కాలిస్తే పెచ్చులూడి అక్షరాలు పోతాయి బాబూ. సమస్య తిరగబడుతుంది!

రాజాం అక్క:

తాటియాకుమీద దాగిన రాతలు
మసిని పూయ వెలిగె మనకు నెదుట
ఆముదాన ముంచి యా వత్తి కొసనిట్లు
కాల్చినపుడు పుస్తకమ్ము నిలిచె

బొబ్బిలి మాస్టారు: పద్యం నున్నగా ఉంది తల్లీ. కానీ కాలింది వత్తి, పుస్తకం కాదు. ఇది తప్పించుకోవడం కాదా?

రాజాం అక్క: గంటంతో గీస్తే ఆకు మీద పడేది రంగులేని గాడి మాత్రమే మాస్టారూ. దీపపు మసి నూనెలో కలిపి రుద్ది, పైపైన తుడిస్తే గాడిలో నలుపు మిగిలి అక్షరం కనిపిస్తుంది. అది పూయకపోతే ఆ తాటాకుల కట్ట చదవడానికి కళ్ళు పోవాలి.

నిర్వాహకుడు: నేను అక్క పక్షం. కాల్చింది పుస్తకాన్నే అని సమస్యలో ఎక్కడుంది? కర్మపదం లేని చోట కవి తనకు కావలసింది పెట్టుకోవచ్చు. ఈ విద్యలో దొంగదారే రాజమార్గం.

పలాస తమ్ముడు:

లేజరు కిరణమ్ము లిఖియించు గుర్తులు
సీడిలోని రంగు చెదరగొట్టి
బొమ్మతోడ మాట పొందుగా నందులో
కాల్చినపుడు పుస్తకమ్ము నిలిచె

రాజాం అక్క: తమ్ముడూ, యతులన్నీ కుదిరాయి. "నిలిచె" దగ్గరే నాకు అనుమానం. ఇంట్లో రాసుకునే సీడీలో ఉన్నది రంగుపొర. ఎండా వేడీ తగిలితే అది పాడవుతుంది. మా పెళ్ళి సీడీ బాగానే ఉందో లేదో చూద్దామన్నా ఇప్పుడు ఇంట్లో ఏ మెషిన్‌లోనూ పట్టదు!

టెక్కలి సభ్యుడు:

అగ్గికొండ పొంగి యాకుచుట్టలు బొగ్గు
లయ్యె, నచటి యూరు లయము కాగ
ఎక్సురేలు చూసి యేరిరి మాటలు
కాల్చినపుడు పుస్తకమ్ము నిలిచె

నిర్వాహకుడు: ఇది ఇటలీలోని పాత రోమన్ ఊరు హెర్క్యులేనియం కథ. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ ఊళ్ళోని పపైరస్ (రెల్లులాంటి మొక్కతో చేసిన కాగితం) చుట్టలు బొగ్గైపోయాయి. 18వ శతాబ్దంలో తవ్వి తీసి విప్పబోతే పొడిపొడి అయ్యేవి. ఇప్పుడు విప్పకుండానే ఎక్స్‌రే స్కాన్ తీసి, సిరా జాడ పట్టడం కంప్యూటర్‌కి నేర్పారు. 2023లో ఒక చుట్టలోంచి మొదటి మాట బయటపడింది, ఊదారంగు అని అర్థమిచ్చే గ్రీకు పదం. బొగ్గు కాకుండా ఉంటే ఆ తేమనేలలో ఎప్పుడో కుళ్ళిపోయేవి. ఇందులో కాలిందీ నిలిచిందీ ఒక్కటే కాబట్టి మాస్టారికి ఫిర్యాదు ఉండదు.

రెండు మాటలు. "చూచి" ఉండాలి, కానీ ఎక్సురే దూరిన పాదంలో గ్రాంథికం పట్టింపు దేనికని వదిలేశాను. "ఆకుచుట్టలు" చదవగానే మాత్రం నాకు అడ్డపొగ కాల్చే మన ముసలమ్మలే కళ్ళముందుకొచ్చారు. కొండ ఒక్కటే అడ్డు రాకపోతే పద్యం అటే పోయేది.

విజయనగరం కోట దగ్గరి సభ్యుడు: పద్యం రాదు, ఒక మాట చెప్తాను. పుస్తకం నిలవాలంటే అగ్గికన్నా ముందు డబ్బు కావాలి. జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ సాయణభాష్యంతో ఋగ్వేదం రెండోసారి అచ్చువేసినప్పుడు (1890–92) ఖర్చు పెట్టుకున్నది మన ఆనంద గజపతి మహారాజే.

నిర్వాహకుడు: దాన్ని పద్యంలో పెట్టండి బాబూ, గడువు ఇంకా ఉంది. మొదటి స్థానం రాజాం అక్కకి. టెక్కలి పూరణ వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఆకుచుట్టల బదులు ఇంకేదైనా వేసి మళ్ళీ పంపితే చూస్తాను.

వచ్చేవారం తేటగీతి పాదం:

చదువు రానివాడె రచించె జాబు నొకటి

వాయిస్ మెసేజ్ పంపాడని రాస్తారని ముందే తెలుసు. అది వద్దు.