వేమన అల్పబుద్ధివాని పద్యం: రెండో పాదంలో తొలగనా, తోలనా? (2024 అక్టోబర్‌లో, అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు సాగిన ఆన్‌లైన్ చర్చ; మాట్లాడినవాళ్ళకు ఊళ్ళ పేర్లే గుర్తు)

ఆల్ఫరెట్టా: మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వారంగా ట్రంప్ గొడవే. జార్జియాలో ముందస్తు ఓటింగ్ అక్టోబర్ 15 నుంచి నడుస్తోంది, ఎవరి టెన్షన్ వాళ్ళది. నిన్న ఒకాయన "అల్పబుద్ధివాని కధికార మిచ్చిన" అని ఎత్తుకుని, రెండో పాదం "దొడ్డవారినెల్ల తోలగొట్టు" అన్నారు. నా నోట్లో ఉన్నది "తొలగగొట్టు". ఏది సరి? రాజకీయం వద్దు, పద్యం చాలు.

తెనాలి మాస్టారు: దొడ్డ, వారి, నెల్ల... మూడూ హగణాలు, అంటే ఒక గురువు, ఒక లఘువు. ఆ తర్వాత "తొలగ" అంటే నగణం, మూడు లఘువులు; "తోల" అంటే హగణం. ఈ రెండూ సూర్యగణాలు, ఆటవెలది రెండో పాదంలో అన్నీ అవే కాబట్టి రెండూ చెల్లుతాయి. యతికీ ఇబ్బంది లేదు. ఛందస్సు దగ్గర తీర్పు దొరకదు బాబూ.

కరీంనగర్: ఛందస్సు చెప్పకపోతే అర్థం చెబుతుంది కదా సార్. తోలేది గొడ్లను. తొలగడం అంటే పక్కకు జరగడం. రెండూ ట్రంప్ కొలువులో చూశాం. 2018 మార్చిలో విదేశాంగ మంత్రి టిల్లర్సన్‌ను ట్వీటుతో సాగనంపాడు, అది అచ్చంగా తోలడమే. అదే ఏడాది డిసెంబర్‌లో రక్షణ మంత్రి మాటిస్ రాజీనామా ఉత్తరం రాసి తనే తప్పుకున్నాడు, అది తొలగడం. నా ఓటు "తోల"కే.

ఫ్రిస్కో: పద్యం చాలు అన్నాక కూడా మొదలెట్టేశారు. ఈ పద్యం ఎవరికి గిట్టనివాడికి వాళ్ళు తగిలిస్తారు, మన ఊళ్ళో సర్పంచ్ దగ్గర్నుంచీ అంతే. మంత్రిని మార్చుకోవడం అధ్యక్షుడి హక్కు. ఆయన నోరు మంచిది కాదు, ఒప్పుకుంటా. కానీ నాలుగేళ్ళు చూశాం, ఆకాశమేమీ విరిగి పడలేదు. ఇప్పుడు సరుకుల బిల్లు చూసి ఓటేస్తాను గానీ శతకం చూసి కాదు.

ఎడిసన్ అక్క: నోరు సంగతి వదిలెయ్ తమ్ముడూ, అది ఎవరికి లేదు. నా భయం వేరే. 2020లో జార్జియాలో 11,779 ఓట్లతో ఓడి, 2021 జనవరి 2న అక్కడి ఎన్నికలు చూసే తన పార్టీ మనిషికే ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతకమన్నాడు, ఆ రికార్డింగ్ అందరం విన్నాం. నాలుగు రోజులకే పార్లమెంటు భవనం కాపిటల్ మీద జనం పడ్డారు. ఈ మేలో న్యూయార్క్ జ్యూరీ 34 అభియోగాల్లో దోషి అంది. "వెనుకటి గుణమేల మాను వినరా సుమతీ" అని ఊరికే అన్నారా?

తెనాలి మాస్టారు: అమ్మా, అది సుమతి, ఇక్కడి చర్చ వేమన. అయినా ఎత్తారు కనుక చెబుతాను. సుమతిలో కుక్కను సింహాసనం ఎక్కించి, మంచి లగ్నం చూసి పట్టం కడతారు. కట్టినవాళ్ళను మాత్రం కవి ఒక్క మాట అనడు. తప్పంతా కుక్కదే!

ఫ్రిస్కో: కుక్క మాట ఎత్తకండి మాస్టారూ, సెప్టెంబర్ డిబేట్‌లో వలస వచ్చినవాళ్ళు కుక్కల్ని తింటున్నారని ట్రంప్ అన్నాక ఈ దేశంలో ఆ మాటే నవ్వులాట అయింది.

గుంటూరు: అందరూ రెండో పాదం పట్టుకుని వేలాడుతున్నారు, అసలు ముడి మొదటి పాదం చివర ఉంది. "ఇచ్చిన" అంటే ఏమిటి? ఇస్తే అనా, ఇచ్చినట్టి అనా? కలిపి చదవండి: "అధికారమిచ్చిన దొడ్డవారినెల్ల." అంటే తనకు అధికారం ఇచ్చిన పెద్దలనే వాడు తొలగగొడతాడని. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నా, వినే నాథుడు లేడు. జెఫ్ సెషన్స్‌ని చూడండి. 2016 ఫిబ్రవరిలో ట్రంప్‌ని సమర్థించిన మొదటి సెనేటర్ ఆయనే. అటార్నీ జనరల్ అయ్యాడు. 2018 నవంబర్‌లో మధ్యంతర ఎన్నికల మర్నాడే ఉద్వాసన. 2020లో మళ్ళీ సెనేట్‌కి పోటీ చేస్తే ట్రంప్ అవతలివాడిని బలపరిచి ఓడించాడు. పద్యానికి ఇంతకన్నా టీకా ఏం కావాలి?

తెనాలి మాస్టారు: చమత్కారం బాగుంది, వ్యాకరణం నిలవదు. అది చేదర్థకం, అంటే ఇస్తే అని, "ఇచ్చినన్".

గుంటూరు: ఆ ద్రుతం, అంటే చివరి న్, కనబడుతోందా? తర్వాత క చ ట త ప లలో ఒకటి ఉంటే అది గ జ డ ద బ గా మారే సరళాదేశం పట్టించేది. వచ్చింది "దొడ్డ". ద ముందు ద్రుతం లోపించినా తెలియదు, అసలు లేకపోయినా తెలియదు. వేమన కావాలనే అలా పెట్టాడంటాను.

తెనాలి మాస్టారు: వేమన పాదం ఏ పాదానికా పాదం తెగుతుంది. అలా కిందికి జారదు.

గుంటూరు: ఎప్పుడూనా? పందెమా?

ఫ్రిస్కో: అన్నా, నీ అన్వయమే ఒప్పుకుందాం, కథ తిరగబడుతుంది. 2016లో ఆయనకు అధికారం ఇచ్చింది దొడ్డవారా? రిపబ్లికన్ బరిలో 17 మంది ఉంటే పార్టీ పెద్దల్లో చాలామంది ఆయన వద్దన్నవాళ్ళే. ఇచ్చింది ఓటర్లు. వాళ్ళను ఎక్కడికి తోలతాడు?

ఎడిసన్ అక్క: ఓట్లు లెక్కపెట్టకుండా ఆపితే తోలినట్టే కదా. ఉపాధ్యక్షుడు పెన్స్ ఆ రోజు ఫలితం ప్రకటించకపోయి ఉంటే అన్నది నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. పక్కన నాలుగేళ్ళు కూర్చున్న ఉపాధ్యక్షుడే ఈసారి ఆయనకు మద్దతు ఇవ్వనన్నాడు. ఒకప్పటి చీఫ్ ఆఫ్ స్టాఫ్ జాన్ కెల్లీ ఈ వారమే ఫాసిస్టు అన్న మాట వాడాడు. అంత దగ్గరగా చూసినవాళ్ళ మాట కన్నా నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఫ్రిస్కో: ఉద్యోగం పోయినవాళ్ళు పొగుడుతారా అక్కా?

కడప: అయ్యా, మా బ్రౌను దొర 1829లో అచ్చు వేయించింది మొదలు ఈ పద్యాలు ఎన్ని చేతులు మారాయో! రాతప్రతి రాసేవాడి చెయ్యి ఒక దీర్ఘం లాగితే తొలగ కాస్తా తోల అవుతుంది. వేమన మావాడు కనుక మా వైపు "తొలగ"నే ఖాయం చేసుకోండి.

అనంతపురం: సమాధి కటారుపల్లెలో మా దగ్గర ఉంటే మీవాడెలా అయ్యాడు సామీ?

కరీంనగర్: అయిపోయింది, ఇంక రేపటిదాకా ఇదే.

ఆల్ఫరెట్టా: అందరికీ దండాలు. గ్రూపులో ఏం రాయమంటారు మరి? ఆయన మూడోసారి అడుగుతున్నారు.

కరీంనగర్: ఈ పద్యం వదిలెయ్ అన్నా. ప్రచార సభలకు సరిపోయేది "అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను" కదా.

తెనాలి మాస్టారు: "పలుకు" అనండి. నగణంతో నడక బాగుంటుంది.

గుంటూరు: "పల్కు"కి ఏం తక్కువైంది మాస్టారూ? హగణం సూర్యగణం కాదా?