ఆరుబయట స్టేజీ ఎక్కగానే శ్రుతి తప్పుతోంది, ఎవరి శ్రుతికి ఎవరు రావాలి?

వయొలిన్_నల్లగొండ:
నమస్తే. పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రా కాదు మాది, యూనివర్సిటీలో సాయంత్రాలు కూడి వాయించుకునే విద్యార్థుల బృందం. వయొలిన్లు, వేణువు, కీబోర్డు, తబలా, డప్పులు ఉన్నాయి. అచ్చంపేట వైపు జూనియర్ ఒకడు ఈసారి పన్నెండు మెట్ల కిన్నెర (సొరకాయ బుర్రల తీగ వాయిద్యం) తెస్తున్నాడు. ఏడాది చివరి కచేరీ ఏప్రిల్‌లో, ఆరుబయట. గదిలో అంతా బాగుంటుంది. స్టేజీ మీద రిహార్సల్ పెట్టగానే వేణువుది ఒక దారి, వయొలిన్లది ఒక దారి. కీబోర్డు వాడేమో "నాది కరెక్టే, మీరే తప్పు" అంటాడు. డప్పు మొదట ఖంగుమంటుంది, కాసేపటికి బొదబొదమంటుంది. టెన్షన్‌గా ఉంది.

పాలమూరు_తబలా:
చెల్లె, కీబోర్డు వాడు చెప్పింది నిజమే, కానీ ఆ నిజంతో కచేరీ నడవదు. అది 440 హెర్ట్జ్ (శ్రుతికి కొలతగా పెట్టుకునే స్వరం, సెకనుకు 440 కంపనాలు) దగ్గర కూర్చుంటుంది, ఎండతో దానికి పనిలేదు. వేణువులో మోగేది గాలి. 20 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతే, 40 డిగ్రీల గాలిలో దాదాపు 355 పోతుంది. అందుకే వేణువు శ్రుతి పైకి లేస్తుంది. వయొలిన్ తీగ వేడికి సాగి కిందికి దిగుతుంది. మన దగ్గర ఏప్రిల్ ఎట్లుంటదో చెప్పాలా?

వెదురు వేణువుకు శ్రుతి సరిచేసే బిరడాలు లేవు, వయొలిన్‌కు ఉన్నాయి, కీబోర్డులో ట్యూనింగ్ మెనూ ఉంది. కదలలేని వాడి దగ్గరికి మిగతావాళ్లే రావాలి. వేణువును స్టేజీ మీదే కాసేపు ఊది వెచ్చబడనివ్వండి. దానికి తగ్గట్టు కీబోర్డును 442కో 443కో జరపండి, ఆ తర్వాతే వయొలిన్లు, తబలా. ఏసీ గదిలో శ్రుతి చేసుకుని బయటికి రావడం దండగ.

ఇంకోటి, స్టేజీ మీద నీళ్ల కూలర్ ఉందా? డప్పు మెత్తబడిందంటే నాకు దాని మీదే అనుమానం. ఆ తేమను తోలు పీల్చుకుంటుంది. తబలాకూ అదే గతి.

చిర్ర_సిటికెనపుల్ల:
అన్న మాటే నా మాట. డప్పు తోలు కాచి బిగించుకోడానికి స్టేజీ వెనక ఎండుగడ్డి మంటకు పర్మిషన్ అడుగు. ఇయ్యకపోతే అదనంగా రెండు డప్పులు ఎండలో పెట్టి మధ్యలో మార్చుకోండి. డప్పులకు మైకు మాత్రం వద్దు. వెనక నిలబెట్టినా చిర్ర (డప్పు కొట్టే కర్ర) దెబ్బ ఆఖరి వరుస దాకా పోతుంది.

నల్లమల_శ్రోత:
కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక కిన్నెరను ఫొటో కోసం ముందు కూర్చోబెట్టే వాళ్లు పెరిగారు, వినపడుతోందా అని చూసే వాళ్లు తక్కువ. సొరకాయ బుర్రకు దగ్గరగా విడిగా ఒక మైకు పెట్టండి. ఆ పిల్లవాడు వాయిస్తున్నంతసేపు కీబోర్డు, డప్పులు పూర్తిగా ఆపండి. తోడు కావాలంటే ఒక్క వయొలిన్, అదీ మెల్లగా.

వయొలిన్_నల్లగొండ:
కూలర్ ఉందన్నా! ముఖ్య అతిథుల కోసమని తెచ్చి సరిగ్గా డప్పుల వెనకే పెట్టారు. కిందికి దించి కుర్చీల వైపు తిప్పమన్నాం. మంటకు ఒప్పుకోలేదు, డప్పులు హాస్టల్ మేడ మీద ఎండుతున్నాయి. కీబోర్డు వాడు ఆ మెనూ ఎక్కడుందో యూట్యూబ్‌లో వెతుకుతున్నాడు.