అప్‌గ్రేడ్ తర్వాత ఫైళ్లకు కొత్త నంబర్లు ఇవ్వాలా, అకౌంట్లకు పాత నంబర్లే నిలపాలా?

ప్రశ్న (చిక్కడపల్లి ప్రెస్): మా ప్రింటింగ్ ప్రెస్‌లో ఏళ్ల తరబడి నడిచిన సెంటోస్ 6 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌ను తీసేసి, దాని స్థానంలో మరో లైనక్స్ అయిన ఆల్మాలైనక్స్ 9 వేసి, పాత డేటా డిస్కును ఉన్నది ఉన్నట్టుగా తగిలించాము. డిజైనర్ల అకౌంట్లను పాత పేర్లతోనే తెరిచాము. అయినా పెళ్లి పత్రికల ఫోల్డర్‌లో ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్‌ఎస్’ కమాండ్ కొడితే యజమాని పేరు రావలసిన చోట 503 అనీ, గ్రూపు చోట 510 అనీ కనిపిస్తోంది. ఫైలు తెరుచుకుంటోంది గానీ, సేవ్ చేయబోతే ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. ఇంకో రెండు పాత లైనక్స్ మెషీన్లు ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద డిస్కును పంచే పద్ధతి) ద్వారా ఇదే డిస్కును వాడుకుంటాయి. ఏది మార్చాలి?

కూకట్‌పల్లి అడ్మిన్: ఫైళ్లనే మార్చండి. లైనక్స్‌లో ప్రతి అకౌంట్‌కూ ఒక నంబరు ఉంటుంది; సెంటోస్ 6లో మామూలు యూజర్ల నంబర్లు 500తో మొదలయ్యేవి. 2014లో వచ్చిన సెంటోస్ 7 నుంచి 1000తో మొదలవుతున్నాయి. 500 నుంచి 999 వరకు ఇప్పుడు సిస్టమ్ అకౌంట్ల (మనుషులు కాక ప్రోగ్రాములు వాడే అకౌంట్ల) పరిధి, అందులో మనుషులను కూర్చోబెట్టడం సరికాదు. ఫైళ్లను వెతికే ‘ఫైండ్’ కమాండ్‌తో 503 ఉన్నవన్నీ పట్టుకుని, యజమానిని మార్చే ‘చౌన్’ కమాండ్ ఇస్తే పని ముగుస్తుంది.

తార్నాక: కూకట్‌పల్లి గారు చెప్పిన పరిధుల లెక్క సరైనదే, కానీ ఈ ప్రెస్ విషయంలో ఆ సలహాతో నేను గట్టిగా విభేదిస్తున్నాను. డిస్కు మీద ఫైలు యజమాని పేరు ఎక్కడా ఉండదు. ఫైలు వివరాలను డిస్కు దాచుకునే ఐనోడ్‌లో ఉండేది అంకె మాత్రమే, ఆ అంకెకు పేరు చెప్పేది ఆ మెషీన్‌లోని ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే పాస్‌వర్డ్ ఫైలు. ఎన్‌ఎఫ్‌ఎస్ కూడా మామూలు అమరికలో అనుమతిని తేల్చేది అంకె చూసే. మీరు సర్వర్‌లో ఫైళ్ల మీది 503ను కొత్త అకౌంట్ నంబరుకు, అంటే 1001 లాంటి దానికి, మార్చిన క్షణం నుంచి, ఆ రెండు పాత మెషీన్లలో 503గానే ఉన్న డిజైనర్‌కు తన ఫైలే పరాయిది అవుతుంది. అంటే ఒకచోట ఉన్న ఇబ్బందిని తీసి రెండుచోట్ల పెట్టినట్టే.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇంతకంటే చెడ్డది చూశాను. మానేసిన ఉద్యోగి అకౌంట్‌ను తీసేశారు; కొన్నాళ్లకు చేరిన కుర్రవాడికి సిస్టమ్ అదే నంబరు కేటాయించింది. పాత డిస్కును మళ్లీ తగిలించిన రోజున, ఆ ఉద్యోగి జీతాల కాగితాలన్నీ కొత్త కుర్రవాడి పేరు మీద కనిపించాయి. ఎవరూ హ్యాక్ చేయలేదు, ఎవరూ తప్పు కమాండ్ కొట్టలేదు. అందుకే నంబరును ఖాళీ కుర్చీలా చూడవద్దని, మనిషి వెళ్లిపోయినా అది అతనిదేనని అందరికీ చెబుతుంటాను.

పరిధి భయం గురించి ఒక్క మాట: సిస్టమ్ అకౌంట్లకు, అకౌంట్లు తెరిచే ‘యూజర్‌యాడ్’ కమాండ్ 999 నుంచి కిందికి వెతుక్కుంటూ వస్తుంది, వాడుకలో ఉన్న నంబరును వదిలేస్తుంది. 503 దగ్గర ఢీకొనే ప్రమాదం చాలా తక్కువ.

కూకట్‌పల్లి అడ్మిన్: ఎన్‌ఎఫ్‌ఎస్ మాట ఒప్పుకుంటున్నాను, ప్రశ్నలోని ఆ వాక్యానికి నేను తగినంత విలువ ఇవ్వలేదు. కానీ బ్యాకప్‌ల సంగతి వేరు. టార్ ఫైలులో (చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన బ్యాకప్ మూటలో) అంకెతో పాటు పేరు కూడా ఉంటుంది, రూట్‌గా (పూర్తి అధికారాలున్న అకౌంట్‌తో) విప్పితే పేరును బట్టే యజమానిని కుదురుస్తుంది. పాత మెషీన్లు రెండూ మారిన రోజున అన్నిటినీ 1000 పైకి తేవాలన్న నా అభిప్రాయం మారలేదు.

తార్నాక: పేరును బట్టి కుదరాలంటే టార్ విప్పేనాటికే ఆ అకౌంట్ ఉండాలి, లేకపోతే పాత అంకే దిగుతుంది. కాబట్టి ముందు అకౌంట్లు, తర్వాతే రీస్టోర్.

ప్రెస్ వారికి: డిజైనర్లందరినీ లాగౌట్ చేయించి, అకౌంట్ వివరాలు మార్చే ‘యూజర్‌మాడ్’తో పాత నంబరు, గ్రూపు వివరాలు మార్చే ‘గ్రూప్‌మాడ్’తో 510 ఇవ్వండి. యూజర్‌మాడ్ హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్ల యజమానిని తానే మారుస్తుంది, దాని బయటివాటిని ముట్టుకోదు. గ్రూప్‌మాడ్ ఏ ఫైలునూ ముట్టుకోదు. ఆ మిగిలినవాటిని ‘ఫైండ్’లో నోయూజర్, నోగ్రూప్ (ఏ అకౌంట్‌కూ, ఏ గ్రూపుకూ చెందని నంబరున్న ఫైళ్లు) అని వెతికి పట్టుకుని, వాటికి మాత్రమే చౌన్ ఇవ్వండి. డిస్కు మొత్తం మీద చౌన్ కొడితే ఎవరి ఫైలు ఎవరిదో చెప్పే ఆ పాత అంకెలు చెరిగిపోతాయి, ఆ తర్వాత వాటిని తెచ్చి ఇచ్చే కమాండ్ లేదు.