స్పామ్‌అసాసిన్‌కి నేర్పడం దండగేనా?

గోదారిగట్టు:
మా మెయిల్ సర్వర్లో స్పామ్ వడపోసేది స్పామ్‌అసాసిన్. అందులో పాత మెయిళ్లు చూసి నేర్చుకునే భాగం బేయెస్‌కి 150 జంక్ మెయిళ్లు నేర్పినా తెలుగు లాటరీ మెయిళ్లు ఇన్‌బాక్సులోకే దూరుతున్నాయి. ఇంతకంటే చేత్తో రూల్స్ రాసుకోవడం నయం. కాదంటారా?

సర్వర్ సుబ్బడు:
150కి అది నోరే విప్పదు. స్పామ్ 200, మంచివి 200, రెండూ నిండితేనే మార్కులేస్తుంది. నేర్పే కమాండే, ఎస్ఏ-లెర్న్ --డంప్ మ్యాజిక్ అని కొట్టి రెండు లెక్కలూ చూడండి. ఇంకోటి, రూట్‌గా, అంటే సర్వర్ అడ్మిన్ ఖాతాతో నేర్పితే ఆ చదువంతా రూట్ డేటాబేస్‌లోనే ఉండిపోతుంది. మెయిల్ చూసే యూజర్ వేరైతే వాడికేం అందదు.

బెజవాడ బాబు:
రూట్‌గానే నేర్పుంటారు, పందెం 😀

గోదారిగట్టు:
సరైన యూజర్‌తోనే నేర్పాం. మంచివి 640 ఉన్నాయి. సరే, 200 దాటిందే అనుకోండి. నూటికి నూరు స్పామే అని తేల్చినా బేయెస్ ఇచ్చేది 3.7 మార్కులు. స్పామ్ అని తేల్చే గీత 5 దగ్గరుంది.

సర్వర్ సుబ్బడు:
ఒక్క సాక్షి మాట మీద శిక్ష వెయ్యకూడదనే అలా పెట్టారు. మిగతా 1.3 బ్లాక్‌లిస్టులో ఉన్న ఐపీయో, లింకో ఇస్తుంది.

అక్షరాలరావు:
తెలుగు సంగతి ఎవరూ ఎత్తరేం? కంప్యూటర్లు అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికి, గుణింతం గుర్తుకి తలా 3 బైట్లు. స్పామ్‌అసాసిన్ 3.4 వెర్షన్లో 15 బైట్లు దాటిన మాటని ముక్కలు చేసేస్తుంది. ‘లాటరీ’ సరిగ్గా 15, బతికిపోయింది. ‘లాటరీలో’ 21, ముక్కలే. ఆ ముక్కలు మంచి మెయిల్లోనూ ఉంటాయి.

గోదారిగట్టు:
అదే కదా మొదట్నుంచీ మొత్తుకుంటున్నది!

సర్వర్ సుబ్బడు:
మీరన్నది రూల్స్ రాయమని. హెడర్లు (మెయిల్ ఎవరిది, ఎటునుంచి వచ్చిందో చెప్పే వరసలు), లింకులు కూడా బేయెస్ లెక్కేసే టోకెన్లే, వాటికి తెలుగుతో పనేముంది? అసలు ఆ 150 ఏరిందెవరు?

గోదారిగట్టు:
యూజర్లు. జంక్ బటన్ నొక్కినవన్నీ రాత్రి క్రాన్‌లో (వేళకి దానంతటదే నడిచే పనిలో) నేర్పిస్తాం.

సర్వర్ సుబ్బడు:
అలా చెప్పండి! చందా కట్టిన వార్తాలేఖ, బ్యాంకు స్టేట్‌మెంటు, అన్నీ అందులోనే. అందరికీ ఒకటే డేటాబేసు. ఒకడు విసుగొచ్చి నొక్కితే పక్కవాడి స్టేట్‌మెంటు జంక్‌లో పడుతుంది.

గోదారిగట్టు:
నాకేది జంకో చెప్పడానికి అడ్మిన్ ఎవరండీ? యూజర్ వద్దన్నది జంకే.

సర్వర్ సుబ్బడు:
అయితే మనిషికో డేటాబేసు పెట్టండి. ప్రతి ఒక్కరికీ మళ్లీ 200, 200 కావాలి. నెలకి నాలుగు జంక్ మెయిళ్లొచ్చేవాడికి ఎప్పటికి నిండేను?

బెజవాడ బాబు:
పదవీ విరమణ నాటికి.

అక్షరాలరావు:
తప్పుగా నేర్పినవి ముందు --హామ్‌తో, అంటే మంచివని మళ్లీ నేర్పండి, పాత లెక్క అదే తీసేస్తుంది. కాకపోతే అసలు మెయిలు ఉండాలి.

గోదారిగట్టు:
జంక్ ఫోల్డరు వారానికోసారి ఖాళీ అయిపోతుంది.

సర్వర్ సుబ్బడు:
ఇంకేముంది, --క్లియర్ కొట్టి, నేర్పిందంతా తుడిచేసి మొదట్నుంచి. ఈసారి క్రాన్ ఆపి, మెయిళ్లు మీరే ఏరండి.

గోదారిగట్టు:
క్రాన్ ఆపను.