గర్భస్థ శిశువు పొట్టలో నీటితిత్తి: రిపోర్టులో అవయవం పేరు ఎందుకు రాయలేదు?

ప్రశ్న: పెందుర్తి నుంచి ఒక తల్లి

సభ్యులందరికీ నమస్కారం. పురిటికి మా ఇంటికి వచ్చిన మా పెద్దమ్మాయికి ఇప్పుడు 33వ వారం. అయిదో నెల స్కానింగులో అంతా సవ్యంగానే ఉందన్నారు. మొన్నటి స్కానింగులో మాత్రం శిశువు పొట్ట కింది భాగంలో 34 మిల్లీమీటర్ల నీటితిత్తి ఉన్నదనీ, దాని గోడ పల్చగా ఉండి లోపల తేటగా ఉన్న ద్రవం తప్ప మరేమీ లేదనీ, మూత్రపిండాలు, మూత్రాశయం మామూలుగానే ఉన్నాయనీ రాశారు. అది ఏ అవయవానిదని ఎన్నిసార్లు అడిగినా డాక్టరు గారు "పుట్టాక తేలుతుంది, రెండు వారాలకు మళ్ళీ రండి" అన్నారే తప్ప పేరు చెప్పలేదు. ఏదో పెద్ద జబ్బును దాస్తున్నారేమోనని మా అమ్మాయికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అప్పుడు కనబడనిది ఇప్పుడెలా వచ్చింది? ఆపరేషను చేయించి బిడ్డను ముందే తీయించాలా?

జవాబు: విశ్రాంత రేడియాలజిస్టు, మహారాణిపేట

అమ్మా, ముందు పేరు సంగతి చెబుతాను. ఇలాంటి తిత్తి పేగుకు చెందినది కావచ్చు, పేగును పట్టి ఉంచే పొరలోది కావచ్చు, ఆడ శిశువైతే అండాశయానిది కావచ్చు. ఈ చివరి పేరు పలికితే బిడ్డ ఆడో మగో చెప్పినట్టే. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఆ సంగతిని మాటతో గాని, సైగతో గాని, మరే విధంగా గాని గర్భిణికీ బంధువులకూ తెలియజేయకూడదు. కనుక "ఉదరంలో తిత్తి" అని రాసి ఆపడం జాగ్రత్తే గాని దాపరికం కాదు. ఆ మౌనం నుంచి మీరు జబ్బును గాని, బిడ్డ ఆడో మగో అన్నదాన్ని గాని ఊహించుకోకండి, నేనూ ఊహించను.

అండాశయపు తిత్తుల గురించి సాధారణంగా తెలిసినది మాత్రం చెబుతాను. ఇవి ఎక్కువగా ఏడో నెల తర్వాతే కనిపిస్తాయి, ఎందుకంటే తల్లి నుంచీ మాయ నుంచీ వచ్చే హార్మోన్లతో పాటు శిశువు సొంత హార్మోన్లు కూడా ఆ చిన్న అండాశయాన్ని ప్రేరేపిస్తాయి. పుట్టాక ఆ ప్రభావం తగ్గిపోవడంతో చాలా తిత్తులు కొన్ని నెలల్లో వాటంతటవే కరిగిపోతాయి. 20 మిల్లీమీటర్ల లోపున్న వాటిని సహజమైనవిగానే చూస్తారు. 40 దాటితే అండాశయం మెలి తిరిగే భయం పెరుగుతుంది. అయితే నేను కొలత కంటే లోపలి రూపాన్నే ఎక్కువగా చూసేవాణ్ణి. తేటగా ఉన్న ద్రవంలో అడుగున మడ్డి పేరుకున్నా, దారాల వంటి గీతలు కనిపించినా, లోపల రక్తస్రావమో మెలి తిరగడమో జరిగిందని అనుమానించాలి. మళ్ళీ రమ్మన్నది ఈ మార్పును కనిపెట్టడానికే. క్యాన్సర్ కావడం అత్యంత అరుదు.

జవాబు: ఎంవీపీ కాలనీ నుంచి ఒక అమ్మ

మా పాపకు ఆరేళ్ళు. గర్భంలో 36వ వారానికి తిత్తి 45 మిల్లీమీటర్లయింది, లోపల మడ్డి కనిపించింది. మా తమ్ముడి పెళ్ళి పనుల్లో అంతకు ముందరి స్కానింగుకు నేను వెళ్ళలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ముందే తెలిసినా గర్భంలో చేయగలిగేది తక్కువేనని సర్జన్ గారు నాకు నచ్చజెప్పారు. మామూలు ప్రసవమే అయింది. మూడో రోజు స్కానింగులో ఎడమ అండాశయం మెలి తిరిగి పాడైపోయిందని తేలడంతో తర్వాత దాన్ని తీసేశారు. రెండోది బాగుంది, పాప ఆడుతూ పాడుతూ బడికి వెళ్తోంది. పాత స్కానింగు ఫిల్ములన్నీ వెంట తీసుకువెళ్ళడం మాకు ఎంతో మేలు చేసింది, మీరూ ఏదీ పారేయకండి.

జవాబు: పిల్లల శస్త్రచికిత్స విభాగంలో పనిచేసే డాక్టరు

తిత్తి ఒక్కదాని కోసం సిజేరియన్ అక్కర్లేదు, నెలలు నిండక ముందే తీయిస్తే బిడ్డకు వేరే కష్టాలు వస్తాయి. తిత్తి మరీ పెద్దదై పేగును నొక్కి ఉమ్మనీరు పెరిగితే అది వేరే సంగతి. పిల్లల సర్జన్ అందుబాటులో ఉన్నచోట పురుడు పోయించుకోండి. మన విశాఖ కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో ఆ విభాగం ఉంది. పుట్టిన వారంలోపే స్కానింగు చేయించండి. ఆ తర్వాత ఇంటి దగ్గర బిడ్డ వాంతులు చేసుకున్నా, పొట్ట ఉబ్బినా, పాలు తాగకుండా ఆగకుండా ఏడ్చినా తెల్లవారేదాకా ఆగకండి.

పెందుర్తి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారాలు. ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. ఈసారి డాక్టరు గారిని పేరు అడగము. కొలత పెరిగిందా, ద్రవం తేటగానే ఉందా అని మాత్రమే అడుగుతాము.